ఒక్కసారి చూసిన ముఖం

"అయిందా వైనీ?" అని, వదినా అన్నట్టు మరాఠీలో పిలిచి, గుమ్మంలో ఎవరో అడిగారు.

దేవకి సూది ఆపి తలెత్తింది. తలస్నానం చేసి జుట్టు వీపంతా విరబోసుకున్న ఆడమనిషి, నవ్వుతూ నిలబడి ఉంది. ఎందుకైనా మంచిదని దేవకీ నవ్వింది.

"ఏ చీరనమ్మా?"

"నేరేడు రంగుది. మొన్న బుధవారం ఇస్తి గద."

రంగు చెప్పగానే మనిషి దొరికింది. వెనక వరుస రైల్వే క్వార్టర్‌లో ఉండే సోనాలి. ఎనిమిదేళ్లుగా ఒకే కుళాయి దగ్గర నీళ్లు పట్టుకుంటున్నారు ఇద్దరూ. రోజూ జడ వేసుకుని కనబడే పిల్ల ఇవాళ జుట్టు వదిలేసరికి దేవకి కళ్లకు కొత్త మనిషైపోయింది.

"నువ్వా. కూసో. ఇంక జానెడే ఉన్నది," అంది దేవకి సిగ్గుపడి.

లోపల అన్నం తింటున్న మహిపాల్ నవ్వాడు. "మా ఇంటామెకు ముఖాలెక్కయి సోనాలీ. చీరలే ఎక్కుతయి. మార్చిల రిటైరై నల్లకోటు ఇప్పేసిన్ననుకో, ఎవలయ్యా నువ్వు అని బయట నిలబెడ్తది నన్ను."

"ఎందుకన్నా పాపం."

"ఆమె తప్పు గాదులే, మా అమ్మ తప్పు. లగ్గమైనంక మూడేండ్లు కొంగు ముక్కుదాక గుంజి పెట్టించింది. మా చుట్టాలందరి కాళ్లే ఎరుక ఈమెకు. మా పెద్ద మామ ఎవలంటె, ఎడమ బొటనవేలు గోరు నల్లగున్నాయన అంటది."

సోనాలి కిసుక్కున నవ్వింది. దేవకి కూడా నవ్వుతూ ఫాల్ గుడ్డను చీర అంచు మీద బొటనవేలితో సవరించింది. ముందురోజే నీళ్లలో నానబెట్టి ఆరేసిన గుడ్డ అది. అలా చేయకపోతే మొదటి ఉతుకుకే ముడుచుకుపోయి అంచునంతా గుంజేస్తుంది. పైకి దారం కనబడకుండా ఒక్కొక్క పోగే ఎత్తుతూ చేత్తో కుడుతోంది. అత్తగారు పోయి పదేళ్లయింది. కొంగు తల మీది నుంచి దిగి అంతకన్నా ఎక్కువే అయింది. ముఖాలు మాత్రం ఆమెకు ఇప్పటికీ జారిపోతూనే ఉన్నాయి.

మహిపాల్ చేయి కడుక్కుని వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. నాందేడ్‌లో టికెట్ కలెక్టర్‌గా ముప్ఫై ఏళ్లు చేసినవాడు. ఏ రోజు డ్యూటీ నుంచి వచ్చినా చెప్పడానికి ఒక ముఖం ఉంటుంది.

"ఈ పొద్దు పూర్ణా టేషన్ దాటినంక ఒకడు బాత్‌రూం కాడ నిలబడ్డడు. చూడంగనే పట్టిన. పదకొండేండ్ల కింద ఇదే బండిల, ఇదే జాగల దొరికినోడు. అప్పుడు మీసాల్లేవు, ఇప్పుడున్నయి. 'ఏం రామచందర్, మీసాలు పెంచితె టికెట్ అక్కరలేదా' అన్న. వాని ముఖం చూడాలె. ఒక్కసారి చూసిన్నంటె అచ్చు గుద్దినట్టే సోనాలీ, మర్వ."

సోనాలి నవ్వలేదు. కాసేపు తన గాజులు తిప్పుకుంది. "అందుకే మీరున్నప్పుడు చెప్తున్న అన్నా. చెప్పాల్నా వద్దా అని రెండు దినాలైంది. మా అమ్మగారింటికి భోకర్ పోతి గద. మోంఢా మార్కెట్ తొవ్వల భోజన్న దుకాన్ అని ఉన్నది, మందు కొట్టే పంపులు బాగు చేసేది. అండ్ల ఒక పిల్లగాడు కూసున్నడు. గడ్డమున్నది. కానీ కండ్లు… నాకెందుకో మీ వైభవ్ అనిపిచ్చింది."

దేవకి దారం చివర ముడి వేసింది. వేసిన ముడి మీదే మళ్లీ ఇంకోటి వేసింది.

"ఐతారం నాకు సుట్టి," అన్నాడు మహిపాల్. గొంతులో ఇందాకటి నవ్వు లేదు. "పోయి చూసొస్త."

"నేను గూడ అస్త," అంది దేవకి.

"నువ్వచ్చి ఏం జేస్తవ్? పర్భణిల ఏం జేసినవ్, బాసరల ఏం జేసినవ్? చాయ్ అమ్మే పిల్లగాన్ని పట్టుకుని ఏడిస్తె వాడు పాపం, 'మావశీ, మా అమ్మ ఇంట్ల ఉన్నది' అని చెయ్యి ఇడిపిచ్చుకున్నడు. నాలుగుసార్లయింది. ఇంక నీకు, నాకు సిగ్గు పోవుడు చాలు."

అది నిజమే. దేవకి చీర మడత పెట్టి సోనాలి చేతికి ఇచ్చింది.

*

ఆదివారం పొద్దున మహిపాల్ వెళ్లాక దేవకి వంటింట్లోకి రెండుసార్లు వెళ్లి ఎందుకు వచ్చిందో మర్చిపోయి తిరిగి వచ్చింది. పోపు మాడింది. కుట్టుమిషన్ ముందు కూర్చుంటే పికో కుట్టు వంకరపోయింది. చివరికి లేచి బీరువా తలుపు లోపల అతికించిన ఫోటో ముందు నిలబడింది.

పన్నెండో తరగతి పరీక్షకని తీయించిన చిన్న ఫోటో. నీలిరంగు గోడ ముందు తెల్లచొక్కా. కొడుకు ఇల్లు వదిలిపోయిన ఈ ఆరేళ్లుగా రోజూ చూస్తోంది. కళ్లు మూసుకున్నా ఫోటో కనబడుతుంది, కుడిమూల చిరుగుతో సహా. కాని అన్నం ముందు కూర్చుని ఉల్లిగడ్డలు ఏరి పక్కన పెట్టే వైభవ్, తలుపును బూటు కాలితో తన్ని లోపలికి వచ్చే వైభవ్, వాడి ముఖం ఎలా కదిలేదో ఎంత గుర్తు చేసుకున్నా రావడం లేదు. ఫోటో గుర్తుంది, పిల్లవాడు గుర్తు లేడు. ఈ మాట ఆమె ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. కన్నతల్లి అనవలసిన మాట కాదది.

ఆమె భయాలకు లెక్కలేదు. మరాఠీ పేపర్లో తప్పిపోయినవాళ్లవి బేపత్తా అని వేసే ఫోటోలు చూడాలంటే భయం, చూడకపోతే భయం. గోదావరి ఒడ్డున ఎవరో దొరికారంటే వారం రోజులు నిద్ర పట్టదు. అన్నిటికన్నా పెద్ద భయం వేరే. వాడే ఎదురుగా వచ్చి నిలబడితే, ఎవరో అనుకుని తను పక్కకు తప్పుకుంటే? వజీరాబాద్ బజారులో, గురుద్వారాకు వచ్చే జనంలో, ఆటోలో పక్కసీట్లో, ఎన్నిసార్లు అలా జరిగిందో. ఇప్పుడు దానికి తోడు క్వార్టర్ ఖాళీ చేయడం ఒకటి. మార్చి ఆఖరుకు రిటైర్మెంట్. ఆర్మూర్‌లో మరిది ఇల్లు చూసి పెట్టాడు. ఆ తర్వాత వాడొచ్చి ఈ తలుపు కొడితే ఎవరో కొత్తవాళ్లు తీస్తారు. అందుకే అట్టపెట్టెలు తెచ్చి నెలైనా దేవకి ఒక్క గిన్నె కూడా వాటిలో సర్దలేదు.

మూడు దాటాక మహిపాల్ వచ్చాడు. చెప్పులు విప్పుతూనే తల అడ్డంగా ఊపాడు.

"గాదు."

దేవకి నీళ్ల చెంబు ఇచ్చింది. అతను సగం తాగి, మిగతావి ముఖాన చల్లుకున్నాడు.

"మూడడుగుల దూరంల నిలబడ్డ. నాజిల్ దొరుకుతదా అని అడిగిన. లేదన్నడు. పేరు ఉమేశ్ అట, దుకాన్ ఆయన పిలుస్తున్నడు. కండ్లు కొంచెం గట్లనే ఉన్నయి గని చెవులు వేరే. దవడ వేరే. నేను ఊకనే చూడలే, పైకెళ్లి కిందిదాక నిమ్మలంగ చూసిన."

"నీ దిక్కు చూసిండా?"

"చూసిండు. గిరాకి దిక్కు చూసినట్టు చూసిండు."

"లావున్నడా? సన్నగున్నడా?"

"ఎవడు?"

"ఆ పిల్లగాడు."

మహిపాల్ తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ ఆగాడు. "మనోడు గాదని చెప్తున్న గద దేవకీ. ఎవలి పిల్లగాడో లావుంటె మనకేంది, సన్నగుంటె మనకేంది?"

ఆమె పళ్లెం పెట్టడానికి లోపలికి వెళ్లింది. సన్నగా ఉంటాడనే ఎందుకో అనుకుంది.

*

మంగళవారం మహిపాల్ డ్యూటీకి వెళ్లగానే, దారాలు కొనడానికి ఇత్వారా బజారుకు వెళ్తున్నానని సోనాలికి చెప్పి దేవకి బస్టాండుకు వెళ్లింది. భోకర్‌కు రైలుంది కాని రైల్లో వెళ్తే మహిపాల్‌తో పనిచేసేవాళ్లు ఎవరో ఒకరు చూస్తారు. వాళ్లను ఆమె గుర్తుపట్టదు. వాళ్లు ఆమెను గుర్తుపడతారు.

ఎర్రబస్సులో కిటికీ పక్కన కూర్చుంది. వాడు కాకపోతే ఎలా అని ముద్‌ఖేడ్ దాకా భయపడింది. ముద్‌ఖేడ్ దాటాక, వాడే అయితే ఎలా అని భయపడింది. ఆరేళ్లు ఇంత దగ్గరలో ఉండి రాలేదంటే తల్లి మీద ఎంత కోపం ఉండాలి. రోడ్డుకు రెండు వైపులా శనగ చేలు పచ్చగా ఉన్నాయి. ముందు సీట్లో ముసలాయన పొట్లం విప్పి రొట్టె, పచ్చిమిర్చి తింటున్నాడు. వీపున ట్యాంకు కట్టుకుని మందు కొడుతున్నవాళ్లు అక్కడక్కడా కనబడితే ఆ పంపులు ఎవరు బాగుచేశారో అనుకుంది.

మోంఢా దారిలో భోజన్న దుకాణం కనుక్కోవడం కష్టం కాలేదు. రేకుల షెడ్డు. బయట నీలం ట్యాంకులు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. లోపల ముగ్గురు కుర్రాళ్లు నేల మీద పీటలు వేసుకుని పని చేస్తున్నారు. భోజన్న గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని, తెచ్చిన పంపు ఎవరిదో దాని మీద సుద్దతో రాస్తున్నాడు.

"ఏం గావాలె అక్కా? పంపుందా?"

"పంపు లేదు. ఉమేశ్ అని పిల్లగాడు… ఒక్క మాట మాట్లాడాలె."

"ఉమేశ్, ఇకడ యే రే," అని భోజన్న మరాఠీలో కేకేశాడు.

మధ్యలో కూర్చున్న గడ్డం కుర్రాడు లేచాడు. చేతిలోని రబ్బరు వాషర్‌ను జాగ్రత్తగా మూతలో పెట్టి, పాతగుడ్డతో వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకుంటూ వచ్చాడు. పొడుగు. భుజాలు వెడల్పు. నుదుటి మీద నూనె మరక. దేవకి అలవాటుకొద్దీ ముందు కాళ్లు చూసింది. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు. అప్పుడు ముఖం చూసింది.

చూస్తూ నిలబడింది. కడుపు గుంజుతుందంటారు, రొమ్ము చేపుతుందంటారు, ఏమీ కాలేదు. చాయ్ అమ్మే కుర్రాణ్ణి చూసినప్పుడు గుంజిన కడుపు ఇప్పుడు గుంజలేదు. ఎదురుగా ఒక గడ్డం, దాని పైన రెండు కళ్లు, అంతే. వాడు కూడా మాట్లాడకుండా గుడ్డతో అదే వేలు మళ్లీ తుడుస్తున్నాడు. మహిపాల్ ఇక్కడే నిలబడి ఉంటాడు. ఇలాగే చూసి ఉంటాడు. చూసి, కాదని తేల్చుకుని వెళ్లిపోయాడు. తనకు తేల్చుకునే ధైర్యం లేదు.

"బాబూ," అంది దేవకి, భోజన్నకు వినబడకుండా. "నాకు ముఖాలు గుర్తుండవు. నలుగురిని అడిగి నాలుగుసార్లు సిగ్గు పోగొట్టుకున్న. నీ కాడ గూడ పోతె పోనియ్. నువ్వు మా వైభవ్‌వా?"

వాడు గుడ్డను నాలుగు మడతలు పెట్టాడు. దుకాణం దాటి రోడ్డు వైపు, ఆమె వెనక ఎవరైనా ఉన్నారా అని చూశాడు.

"రైలుకచ్చినవా అమ్మా, బస్సుకా?"

దేవకి చేయి బస్టాండు ఉన్న వైపుకు చూపించింది.

షెడ్డు వెనక, పాడైపోయిన ట్యాంకుల గుట్ట పక్కన ఇద్దరూ కూర్చున్నారు. వాడు రెండు గ్లాసుల్లో చాయ్ తెచ్చాడు. ఆమె వాణ్ణి ముట్టుకోలేదు. ముట్టుకుంటే, అమ్మ ఇంట్లో ఉంది మావశీ అంటాడేమోనని ఇంకా భయంగానే ఉంది. ఆరేళ్లుగా అడగాలని దాచుకున్నవన్నీ పోయి, తిన్నావా అన్న మాటే మిగిలింది. తిన్నానన్నాడు. ఎక్కడ పండుకుంటావంటే భోజన్న మామ ఇంటి మీది గదిలో అన్నాడు. తండ్రి పెట్టిన పేరు మోయడం ఇష్టం లేక ఉమేశ్ అని చెప్పుకున్నాడట. ముందు పూణే, తర్వాత జాల్నా. ఇక్కడికి వచ్చి ఏడాదైంది.

"ఇంత దగ్గర్ల ఉండి," అంది దేవకి. అంతకన్నా అనలేకపోయింది.

"బాపు పంపిండా నిన్ను?"

"బాపుకు తెల్వదు. ఐతారం అచ్చి చూసి, నువ్వు గాదన్నడు."

వైభవ్ నవ్వాడు. చాయ్ గ్లాసును నేల మీద పెట్టి తిప్పుతూ నవ్వాడు. "గాదన్నడా. మంచిగ జెప్పిండు. నా ముందట నిలబడి, పైకెళ్లి కిందిదాక చూసిండమ్మా. తొందరపడి చూడలే. ఏమన్న అంటడేమో అని పానా చేతుల పట్టుకుని నిలబడ్డ. నాజిల్ ఉందా అన్నడు."

"నువ్వన్న పిలువద్దా?"

"నేనెందుకు పిలుస్త? ఇది రెండోసారి."

దేవకికి అర్థం కాలేదు.

"కరోనా తగ్గినంక అచ్చిన నేను. ఇంటికే. పొద్దున బండి దిగితె గేటుకాడ బాపే నిలబడ్డడు. అందరికి మాస్కులున్నయి. గుర్తుపట్టడేమో అని నా మాస్కు కిందికి గుంజిన. చూడాలనే గుంజిన. టికెట్ చూసిండు, ముఖం చూసిండు, టికెట్ తిరిగి ఇచ్చి 'చలో, ఆగే' అన్నడు. బయట ఆటోల కాడ చానసేపు కూసున్న. ఇల్లు పది నిమిషాల తొవ్వ. మల్ల అదే టేషన్‌ల పోయి ఎక్కిన."

షెడ్డులో ఎవరో పంపు ఆడించి చూస్తున్నారు. నీళ్లు సన్నగా చిమ్మిన చప్పుడు. దేవకి చీర కొంగును వేలికి చుట్టుకుని విప్పింది. ఆ రోజు తను ఏం చేస్తూ ఉందో. ఎవరి చీరకో ఫాల్ కుడుతూ ఉండి ఉంటుంది, తలుపు తీసే పెట్టుకుని.

"ఆయన గుర్తుపట్టలే బిడ్డా."

"బాపా?" అన్నాడు వైభవ్. "పదేండ్ల కిందటి దొంగను మీసాలు పెట్టుకున్నా పట్టుకుంటడు, నన్ను పట్టడా? ముద్‌ఖేడ్‌ల బండి దింపిన్నాడు, నేను ఇల్లిడిచి పోయిన దినం, ఎట్ల పట్టిండు? డబ్బా నిండ జనముండె. దోస్తుల నడుమ దాక్కుని నిలబడ్డ నేను. పట్టుకుని, సొంత కొడుకైనా టికెట్ లేకుంటె దిగుడే అని అందరికి ఇనబడెటట్టు చెప్పి దింపిండు. గప్పుడు గుర్తుపట్టి దింపిండు. గేటుకాడ గుర్తుపట్టి పొమ్మన్నడు. మొన్న గుర్తుపట్టి ఊకున్నడు."

"పట్టినోళ్ల సంగతే ఆయన ఇంటికచ్చి చెప్తడు," అంది దేవకి మెల్లగా. చెబుతూ ఉండగానే ఆమెకూ కొత్తగా తెలుస్తున్నట్టు ఉంది. "పట్టనోళ్ల సంగతి ఎట్ల చెప్తడు? వాళ్లు ముందటికెళ్లి పోయిన్రని ఆయనకేమెరుక? నాకు రానిది రాదని ఎరుక, నేను అడిగిన. ఆయనకు రాదని ఆయనకు తెల్వదు బిడ్డా. మనమే అవునవునని ముప్పై ఏండ్లు తలూపినం."

వైభవ్ ముఖం మీద ఏదో కదిలింది. అది ఏమిటో చదవడం దేవకికి రాలేదు.

"నువ్వు చెప్తె ఎట్ల నమ్మాలె? నువ్వు ఎప్పుడు ఆయనను ఎనకేసుకచ్చేదానివే," అన్నాడు లేస్తూ. "గుర్తుపట్టలేదని ఆయన నోటితోని అనుమను. నా ముందట అనుమను. గప్పుడు చూస్త."

"అంటడు."

"అనడమ్మా. బాపు ప్రాణమన్న ఇడుస్తడు గని ఆ మాట అనడు."

తిరుగు బస్సులో దేవకి కళ్లు మూసుకుని వాడి ముఖాన్ని పట్టుకుని కూర్చుంది. గడ్డం ఉంది. నుదుటి మీద మరక ఉంది. కళ్లు ఎలా ఉన్నాయి? ముద్‌ఖేడ్ రాకముందే కళ్ల చోట ఫోటోలోని కళ్లు వచ్చి కూర్చున్నాయి. దిగి మళ్లీ వెనక్కి వెళ్లి చూసి వద్దామా అనిపించింది. ఇంతసేపు పక్కన కూర్చుని కూడా కళ్లనిండా చూసుకోలేకపోయింది.

*

సాయంత్రం మహిపాల్ కోటు విప్పి కొయ్యకు తగిలిస్తుండగానే చెప్పేసింది. ఆపితే మళ్లీ చెప్పలేనని తెలుసు.

"మల్ల మొదలువెట్టినవా," అన్నాడు అతను, అటు తిరిగే ఉండి. "నేను కండ్లార చూసి గాదన్నంక నువ్వు పోయి అవునంటవు. పాపం ఎవని కొడుకును ఏడిపిచ్చినవ్?"

"నేను అవుననలే. వాన్ని అడిగిన. వాడే అన్నడు."

"అడిగితె ఎవడైనా అంటడు."

"ముద్‌ఖేడ్‌ల దింపిన సంగతి ఎవడైనా చెప్తడా?"

మహిపాల్ చేయి కోటు మీదే ఆగింది. దేవకి గేటు సంగతీ చెప్పింది. మాస్కు కిందికి గుంజింది, టికెట్ తిరిగి ఇచ్చింది, చలో ఆగే అన్నది. తన మాటలేవీ కలపకుండా, వాడు చెప్పినది చెప్పినట్టే చెప్పింది. అతను వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"అబద్ధం," అన్నాడు. "నా కొడుకు నా ముందట నిలబడితె నాకు తెల్వకుంటదా?"

"తెలిసి పొమ్మన్ననంటవా మరి?"

"ఛీ. ఏం మాటలవి."

"రెండిట్ల ఒకటే అయితది. గుర్తుపట్టి పొమ్మన్నవా, గుర్తుపట్టక పొమ్మన్నవా. వాడు మొదటిదే అనుకుని నాలుగేండ్లయింది. ఐతారం నుంచి ఇంకింత గట్టిగ అనుకుంటున్నడు."

ముప్ఫై ఏళ్ల కాపురంలో అతనితో అంత సూటిగా మాట్లాడడం అదే మొదటిసారి. అతను అరుస్తాడని ఎదురుచూసింది. అరవలేదు. తన కుడిచేతి వైపు చూసుకుంటున్నాడు. ఆ చేయి మోకాలి మీద తనంతట తనే తెరుచుకుంటోంది, మూసుకుంటోంది, గేటు దగ్గర టికెట్ అందుకుని తిరిగి ఇస్తున్నట్టు.

"ఏ నెలల?" అన్నాడు కాసేపటికి.

"వాడు చెప్పలే."

"ఏ గేటు? బుకింగ్ దిక్కుదా, అటు దిక్కుదా?"

"నాకు తెల్వదు."

"ఏం అంగీ ఏసుకున్నడట?"

ఆమె తల అడ్డంగా ఊపింది. మహిపాల్ కళ్లు మూసుకున్నాడు. నుదురు ముడిపడింది. వెతుకుతున్నాడని ఆమెకు తెలిసింది. ఆ రోజు పొద్దుటి బండి, మెట్లు దిగి వచ్చే జనం, ఒకరి వెనక ఒకరు, మాస్కులు, మాస్కు కిందికి లాగిన ఒక్క ముఖం. చాలాసేపు అలాగే ఉన్నాడు. ఇన్నేళ్లలో ఆమె ఎన్నోసార్లు అలా వెతికింది కాబట్టి, ఏమీ దొరకనప్పుడు మనిషి ముఖం ఎలా అవుతుందో ఆమెకు తెలుసు.

"అండ్ల లేడు," అన్నాడు చివరికి, కళ్లు తెరవకుండానే. "ఎంత చూసినా లేడు దేవకీ. ఎవ్వల ముఖాల్లేవు."

ఆమె అన్నం వడ్డించింది. అతను పళ్లెం ముందు కూర్చుని తినకుండానే లేచాడు.

*

మర్నాడు సెలవు పెట్టాడు. ఇద్దరూ పొద్దుటి రైలెక్కారు. కోటు లేకుండా, చారల చొక్కాలో మహిపాల్ కిటికీ పక్కన ఒదిగి కూర్చుంటే దేవకికే కొత్తగా కనిపించాడు. దారిలో తలపాగా చుట్టుకున్న ఒకాయన ఆగి, "నమస్కార్ సాహెబ్, ఇయ్యాల సివిల్ డ్రెస్సుల?" అని పలకరించాడు. మామూలుగా అయితే మహిపాల్ ఆయన ఊరు, పేరు, ఎప్పుడు కలిసిందీ చెప్పి ఆశ్చర్యపరిచేవాడు. ఇవాళ ఆయన ముఖంలోకి కాసేపు చూసి, "మీరెవలో యాదికస్తలేరు," అన్నాడు. ఆయన నొచ్చుకున్నట్టు నవ్వి ముందుకు వెళ్లాడు. మహిపాల్ కిటికీ వైపు తిరిగాడు.

"దిగినంక నువ్వు చూపియ్," అన్నాడు ముద్‌ఖేడ్‌లో బండి ఆగినప్పుడు.

"చూపియ్య," అంది దేవకి. "నువ్వే అడగాలె."

భోజన్న దుకాణం ముందు రైతులు ఇద్దరు పంపులు దించుతున్నారు. లోపల మందుల వాసనకు కుర్రాళ్లు ముగ్గురూ ముక్కులకు రుమాళ్లు కట్టుకుని, తలలు వంచి పని చేస్తున్నారు. మహిపాల్ గుమ్మంలో నిలబడ్డాడు. అతని కళ్లు మొదటివాడి మీదికి పోయాయి, రెండోవాడి మీదికి, మూడోవాడి మీదికి, మళ్లీ మొదటివాడి మీదికి వచ్చాయి.

ఎవరో దేవకికి తెలుసు. నిన్న పక్కన కూర్చుంది కదా, వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకునే తీరు తెలుసు. వాడు తమను చూశాడని కూడా తెలుసు. తల ఎత్తలేదు, చేతులు మాత్రం ఆగిపోయాయి. చూపించడానికి లేవబోయిన తన చేతిని ఆమె రెండో చేత్తో పట్టుకుంది. మహిపాల్ ఆ మాట అనకుండా వెనక్కి తిరిగితే ఈసారి ఇక ఎవరూ రారు, ఎవరూ వెతకరు.

"నాజిల్ అచ్చింది సాబ్, మొన్న అడిగిన్రు గద," అన్నాడు భోజన్న.

"నాజిల్ వద్దు," అన్నాడు మహిపాల్. టికెట్లు అడిగే గొంతు కాదది. "నేను వైభవ్ తండ్రిని. నాకు ముఖాలు గుర్తుండవు. ఉంటయనుకున్న గని ఉండవు. గేటుకాడ చూసి పొమ్మన్న, నాకు తెల్వదు. మొన్న ఈడ గూడ చూసిన, తెల్వలే. ఇప్పుడు గూడ చూస్తున్న…" అని ఆగాడు. చేయి గుమ్మం పట్టుకుంది. "మీ ముగ్గుర్ల వైభవ్ ఎవలో చెప్పుండ్రి."

రైతులు పంపులు దించడం ఆపి చూశారు. భోజన్న చేతిలోని సుద్దను అటూ ఇటూ తిప్పి, జాలిగా తల ఊపాడు.

"వైభవ్ అని ఈడ ఎవలు లేరు సాబ్. వీడు స్వప్నిల్, వాడు ఉమేశ్, ఆ పక్కన…"

"ఉన్నడు మామా," అన్నాడు మధ్యలో కూర్చున్నవాడు, రుమాలు కిందికి లాగుతూ.